బల్లి చేతిలో గుడ్లు

ఆ బంతిని పట్టుకోకూడదని అన్సెల్మోకి తెలుసు. ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లల్ని అడిగినా చెబుతారు. బ్యాటింగ్ చేస్తున్నది తన జట్టే. తానిప్పుడు బేస్‌బాల్ ఆటగాడు కాదు, కోచ్. మూడో బేస్ పక్కన సున్నంతో గీసిన గడిలో నిలబడి, పరిగెత్తుకొచ్చే తనవాళ్ళకి ఆగమనో పొమ్మనో చేతులతో చెప్పాలి. అంతవరకే. బంతి తన మీదకొస్తే దారి వదలాలి.

మాక్సిమో కొట్టిన బంతి నేలబారుగా బుస్సుమంటూ వచ్చింది. ఎదుటి జట్టువాడు బోర్లా పడి చెయ్యి చాపినా అందలేదు. మూడో బేస్ అంచుకి తగిలి పక్కకి ఎగిరింది, సరిగ్గా అన్సెల్మో మోకాళ్ళ ముందుకి. అప్పటికే మూడో బేస్ మీద నుంచి విల్కిన్ హోమ్ ప్లేటు వైపు పరుగందుకున్నాడు. వాడు చేరితే స్కోరు సమం.

అన్సెల్మో నడుం దానంతటదే వంగింది. గ్లోవు లేని చేతులు రెండూ దోసిలిపట్టి బంతిని ఒడిసిపట్టాయి. కాళ్ళు సర్దుకున్నాయి. తల ఎత్తి చూడకుండానే మొదటి బేస్‌కి విసిరేశాడు. ఆ బంతి దారం కట్టి లాగినట్టు తిన్నగా వెళ్ళి, అక్కడున్న ఎదుటి జట్టువాడి గ్లోవులో చప్పుడు చేస్తూ పడింది. వాడు కూడా అలవాటుకొద్దీ పట్టేశాడు. పట్టాక, ఇది ఎవరు విసిరారా అని చుట్టూ చూశాడు.

స్టేడియం అంతా నోరు తెరిచి ఊరుకుంది. బీరు అమ్మేవాడు కూడా అరవడం మానేశాడు. ఆ తర్వాత నవ్వు మొదలైంది. చివరి వరసలో మొదలై, మెట్లు దిగుతూ, మైదానం చుట్టూ తిరిగి, చివరికి అంపైర్ దాకా వచ్చింది. ఆయన ముఖానికున్న ముసుగు తియ్యకుండా, భుజాలు ఊగిపోతుంటే, చెయ్యెత్తి, కోచ్ బంతిని అడ్డుకున్నందుకు మాక్సిమో అవుట్ అన్నాడు. విల్కిన్ తెచ్చిన పరుగు చెల్లలేదు.

"బల్లీ! ఎవరి జీతం తింటున్నావురా నువ్వు?" అని మెట్ల మీద నుంచి ఒకడు.

"సాంతో దొమింగో వాళ్ళూ, వాడికి మీ చొక్కా కుట్టించండర్రా!" అని ఇంకొకడు.

రాజధాని సాంతో దొమింగో నుంచి వచ్చిన ఆ మొదటి బేస్ వాడు టోపీ తీసి, అన్సెల్మోకి వంగి దండం పెట్టాడు. నవ్వు ఇంకో చుట్టు తిరిగింది.

సగం దూరం పరిగెత్తి ఆగిపోయిన మాక్సిమో, భారీ శరీరాన్ని ఈడ్చుకుంటూ అన్సెల్మో ముందుకొచ్చి నిలబడ్డాడు. "అన్నా, నేను నీకేం అపకారం చేశానన్నా?" అన్నాడు.

చెరుకు మిల్లు గోడ పక్కనున్న ఈ మైదానంలో, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య షార్ట్‌స్టాప్‌గా నిలబడి అన్సెల్మో వయసంతా గడిపాడు. నేలకి అతుక్కుని ఎటు కావాలంటే అటు పాకేవాడని జనం బల్లి అని పేరు పెట్టారు. మోకాలు మొరాయించాక, ఆ చోటు కుర్రవాడైన విల్కిన్‌కి ఇచ్చి అతన్ని ఈ సున్నపు గడిలోకి మార్చారు. నిలబడే చోటు మారింది గానీ చేతులకి ఆ కబురు అందలేదు.

ఆ ఆట ఒక్క పరుగు తేడాతో పోయింది.

మేనేజర్ డాన్ ఫాబియో బెంచి మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ, అందరూ వెళ్ళేదాకా ఆగాడు. తొక్క ఉమ్మి, "ఏరా బల్లీ, మంచి విసురు" అన్నాడు.

"క్షమించండి, డాన్ ఫాబియో."

"మంచి విసురే అంటున్నాగా. నీ మోకాలు బాగున్నప్పుడు కూడా అంత తిన్నగా పడలేదు." మళ్ళీ ఇంకో తొక్క ఉమ్మాడు. "పైవాళ్ళు ఫోన్ చేశారు. ఊరంతా నవ్వుతోందట. నిన్ను తీసేసి ఇంకొకణ్ణి పెట్టమన్నారు. ఆదివారం ఆట దాకా ఆగమన్నాను. ఆదివారం కూడా నువ్వు చెయ్యి పెట్టావంటే ఇక నా దగ్గర మాటల్లేవు. మీ బావమరిది ఐసు లారీ ఎక్కెయ్."

అన్సెల్మో తలూపాడు. ఐసు లారీ అంటే అతనికి చిన్నచూపు లేదు. కానీ ఆ లారీ రోజూ ఈ గోడ పక్కనుంచే పోతుంది. గోడ ఇవతల బ్యాటు చప్పుడు వింటూ, గోడ అవతల ఐసు దిమ్మలు దించడం తన వల్ల కాదనుకున్నాడు. వెళ్ళేముందు అలవాటు ప్రకారం షార్ట్‌స్టాప్ చోటికి నడిచి, ఎర్రమట్టిలో కంటికి కనపడ్డ గులకరాళ్ళు ఏరి జేబులో వేసుకున్నాడు. ఒక్క రాయి చాలు, బంతి ఎగిరి పళ్ళు రాలగొట్టడానికి. ఆ పళ్ళు ఇప్పుడు విల్కిన్‌వి.

మర్నాడు పొద్దున్న భార్య మిరేలిస్ అతన్ని నూనె కోసం కొట్టుకి పంపింది. క్రిస్మస్ దగ్గర పడుతోంది, వీధంతా పాటలు. తోమాసీనా కొట్టు ముందు డొమినో ఆడుతున్న నలుగురు అన్సెల్మోని చూసి ముక్కలు కింద పెట్టేశారు. ఎవ్వరూ ఏమీ అనలేదు. అదే అనుమానంగా అనిపించింది అతనికి.

"బల్లీ, ఇదిగో!" అంది తోమాసీనా లోపల్నుంచి. ఉల్లిపాయ ఒకటి గాల్లో వచ్చింది. అతను చూడకుండానే పట్టేశాడు.

కొట్టు ముందున్న వాళ్ళంతా బల్ల మీద చరిచి నవ్వారు. "అవుట్!" అని అరిచాడొకడు.

"అక్కా, నువ్వు కూడానా?" అన్నాడు అన్సెల్మో.

"నేనెందుకు ఊరుకుంటాను? నిన్న రేడియోలో విని మా ఆయన మంచం మీంచి కిందపడ్డాడు. ఆయన్ని పట్టుకోవడానికి నువ్వు లేవుగా!"

ఇంటికొచ్చే దారి పొడుగునా అదే తంతు. మోటార్‌సైకిల్ మీద పోయేవాడు నిమ్మకాయ విసిరాడు. రొట్టెల దుకాణం వాడు రొట్టె విసిరాడు. మేడ మీద బట్టలారేస్తున్న పిల్ల తడి మేజోడు ఉండ చుట్టి విసిరింది. పక్కవీధి ముసలమ్మ, చర్చికి వెళుతున్నదల్లా ఆగి, సంచిలోంచి పచ్చి అరటికాయ తీసి, ముందు శిలువ గుర్తు వేసుకుని, తర్వాత విసిరింది. ఒక్కటి కూడా కింద పడలేదు. పడనివ్వాలని అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ చెయ్యి ముందు వెళ్ళిపోతోంది, బుద్ధి వెనకాల ఆయాసపడుతూ వస్తోంది.

అతను వంటింటి బల్ల మీద ఉల్లిపాయ, నిమ్మకాయ, రొట్టె, అరటికాయ, మేజోడు వరసగా పెట్టేసరికి మిరేలిస్ నవ్వలేక కడుపు పట్టుకుంది. "నూనె ఏదయ్యా?" అంది.

"నూనె ఎవరూ విసర్లేదు."

మూలనున్న కుర్చీలో ఆమె తల్లి ఎమెతేరియా బఠాణీలు వలుస్తోంది. ఆవిడ నవ్వలేదు. నేల మీద కుర్చీ కాళ్ళు పట్టుకుని నిలబడ్డ మనవరాలినే చూస్తోంది. లూసేరోకి ఏడాది దాటి చాలా రోజులైంది. అదే ఈడు పిల్లలు వీధిలో కోళ్ళని తరుముతున్నారు. ఇది మాత్రం పట్టు వదిలి ఒక్క అడుగు వెయ్యదు. మిరేలిస్‌కి ఆ బెంగ రాత్రీ పగలూ ఒకటే. పిల్ల నిద్రపోతుంటే అరికాళ్ళు తడిమి చూసేది, పిక్కలు కొలిచేది. పాలు చాలలేదా, ఎముక పుష్టి లేదా, నేను కడుపుతో ఉన్నప్పుడు ఏదన్నా తినకూడనిది తిన్నానా అని తల్లిని పదే పదే అడిగేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏమీ లేదమ్మా, నడుస్తుంది అన్నది. ఏమీ లేకపోతే ఎందుకు నడవదు?

"అల్లుడూ, ఓ మాట అడుగుతాను" అంది ఎమెతేరియా. "ఈ పిల్ల ఇంతవరకూ ఎప్పుడైనా పడిందా?"

"పడనిస్తానా?" అన్నాడు అన్సెల్మో.

ఆ మాట అంటుండగానే లూసేరో కుర్చీ వదిలింది. ఒక కాలు లేచింది, ఒళ్ళు పక్కకి వాలింది. బల్ల అవతల ఉన్నవాడు ఎలా వచ్చాడో, నేల తాకేలోపు పిల్ల అతని అరచేతుల్లో ఉంది. అది కిలకిలా నవ్వింది. దానికదో ఆట. వాలితే చాలు, నాన్న చేతులొస్తాయి.

ఎమెతేరియా బఠాణీ తొక్క పక్కన పారేసింది. "అదీ సంగతి. దీనికి రోగం కాళ్ళలో లేదే అమ్మా, మీ ఆయన చేతుల్లో ఉంది."

మిరేలిస్ నవ్వు ఆగిపోయింది. మొగుడి ముఖం కేసి చూసింది, పిల్ల కాళ్ళ కేసి చూసింది. "అయితే అమ్మా, పడనివ్వమంటావా? తలకి దెబ్బ తగిల్తేనో?"

"నువ్వు ఎన్నిసార్లు పడ్డావో నాకు తెలుసు. తల బాగానే ఉందిగా." ఆవిడ లేచి అలమారలోంచి రెండు గుడ్లు తీసింది. "మా నాన్న చెరుకు బళ్ళ దగ్గర కొత్త కుర్రాళ్ళకి ఇలాగే చేసేవాడు. వాళ్ళు ఊరికే పగ్గాలు గుంజి ఎద్దుల ముక్కులు చించేవాళ్ళు. ఇదిగో, చెయ్యి పట్టు."

ఆవిడ అతని గుప్పిళ్ళు తెరిచి చెరో గుడ్డూ పెట్టి వేళ్ళు మూసింది. "బిగిస్తే పగుల్తుంది. వదిలితే పడుతుంది. ఇక నీ చేతులకి పని ఉంది. ఇంకో పనికి పోవు."

అన్సెల్మో గుడ్లు పట్టుకుని నడివంటింట్లో నిలబడ్డాడు. మిరేలిస్ పిల్లని గోడకి ఆనించి నిలబెట్టి, గుండె చిక్కబట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. లూసేరో నాన్నని చూసింది. నవ్వింది. చేతులు గాల్లోకి లేపి ముందుకు వాలింది.

ఫట్ ఫట్ అని రెండు చప్పుళ్ళు. పిల్ల నాన్న చేతుల్లో ఉంది. సొన దాని జుట్టులోంచి చెవి మీదుగా కారుతోంది. పెంకు ముక్క ఒకటి ముక్కుకి అంటుకుంది. నాలుక చాపి సొన రుచి చూసి, ఇంకా కావాలన్నట్టు మూతి పెట్టింది.

మిరేలిస్ నేల మీద కూర్చుండిపోయి పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి జారిందో ఆమెకే తెలియలేదు. "నా పిల్ల పెళ్ళికి కూడా నీ చంకలోనే వెళుతుందయ్యా" అంది, కొంగు లేని గౌనుతో కళ్ళు తుడుచుకుంటూ.

మధ్యాహ్నం మైదానంలో విల్కిన్‌కి నేలబంతులు కొట్టడం అన్సెల్మో పని. పొడుగాటి సన్న బ్యాటుతో ఒకదాని వెంట ఒకటి, కుడికి, ఎడమకి, కాళ్ళ ముందుకి. విల్కిన్ చక్కగా ఆడతాడు గానీ కుడివైపు వచ్చే బంతికి మడమ మీద ఆగుతాడు.

"మడమ నేలకి కొట్టావంటే నువ్వు కొబ్బరిచెట్టువిరా. మునివేళ్ళ మీదుంటే పిల్లివి. ఏది కావాలి?"

"బల్లిని కావాలన్నా" అన్నాడు విల్కిన్ పళ్ళు ఇకిలిస్తూ.

"అయితే నేలకి అతుక్కోవాలిరా. కానియ్!"

అది అయ్యాక అతని వంతు. అన్సెల్మో సిగ్గు విడిచి జేబులోంచి కొత్త గుడ్లు రెండు తీశాడు. సున్నపు గడిలో నిలబడి, "కొట్టండి" అన్నాడు. జట్టంతా పోగైంది. మాక్సిమోకి ఇంతకన్నా పండగ ఏముంటుంది? తన బాకీ తీర్చుకోవాలని బ్యాటు అందుకున్నాడు.

మొదటి బంతికి గుడ్లు పగిలాయి. ఆ తర్వాతవీ పగిలాయి. అన్సెల్మో బూట్లు పసుపు రంగుకి తిరిగాయి, ఈగలు మూగాయి. విల్కిన్ తోమాసీనా కొట్టుకీ మైదానానికీ మధ్య పరుగులు తీశాడు. "కోళ్ళు అలిసిపోయాయట అన్నా, తోమాసీనా అక్క చెప్పమంది" అన్నాడు చివరి గుడ్ల అట్ట ఇస్తూ.

డాన్ ఫాబియో బెంచి మీద నుంచి కదల్లేదు. "చేతుల్ని ఆపాలని చూస్తున్నావురా" అన్నాడు. "అవి ఆగవు. కాళ్ళకి చెప్పు. నీకు బంగారంలాంటి కాళ్ళుండేవి."

అన్సెల్మో ఆ మాట నములుకుంటూ నిలబడ్డాడు. తర్వాతి బంతి బుస్సుమని వచ్చింది. ఈసారి గుప్పిళ్ళని మర్చిపోయాడు. ఎదురుగా జారుతూ వచ్చే ఆటగాణ్ణి తప్పించుకోవడానికి ఒకప్పుడు రెండో బేస్ మీద ఎగిరినట్టు, మోకాళ్ళు రొమ్ముకి చేర్చి ఎగిరాడు. బంతి బూట్ల కిందనుంచి పోయింది. దిగి, నెమ్మదిగా చేతులు తెరిచి చూశాడు. రెండు గుడ్లూ వెచ్చగా, నున్నగా ఉన్నాయి.

జట్టంతా కేకలేసింది. మాక్సిమో వచ్చి గుడ్లకి చెరో ముద్దు పెట్టాడు.

ఆదివారం ఎండ తగ్గుతుండగా ఆట మొదలైంది. జనం ఎన్నడూ లేనంత మంది వచ్చారు. ఆట కోసం ఎంత మందో, బల్లి మళ్ళీ ఏం చేస్తాడో చూద్దామని ఎంత మందో చెప్పడం కష్టం. అతను గడిలోకి వెళ్ళి నిలబడగానే, ఎవరో మెట్ల మీద నుంచి నారింజపండు విసిరారు. అన్సెల్మో దాన్ని చూశాడు. పక్కకి ఒక్క అడుగు వేశాడు. నారింజ నేల మీద పడి పగిలింది. "ఓ!" అన్నారు జనం, కాస్త ఆశాభంగంతో.

చేతుల్లో గుడ్లు లేవు. ఆటలో అవి పట్టుకోనివ్వరు. కానీ వేళ్ళు మాత్రం గుడ్లున్నట్టే వంగి ఉన్నాయి, బిగించకుండా, వదలకుండా.

మెట్ల మీద, మూడో బేస్‌కి ఎదురుగా, మిరేలిస్ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పక్కన ఎమెతేరియా జపమాల తిప్పుతోంది. స్కోరు సమంగా ఉంది. ఆఖరి ఇన్నింగ్స్, బ్యాటింగ్ మనది. మొదటి బేస్ మీద విల్కిన్. మాక్సిమో బ్యాటు ఊపుతూ నిలబడి, మూడో బేస్ కేసి చూసి, "అన్నా, నీకు దండం పెడతా!" అని అరిచాడు.

ఆ బంతి వచ్చింది. ఎదురుచూసినట్టే గీత పక్కనే, నేలబారుగా, మూడో బేస్ దాటి, అతని మీదకి. మిరేలిస్ కళ్ళు మూసుకుంది.

అన్సెల్మో ఎగిరాడు. రెండు గుప్పిళ్ళూ చెవుల దగ్గర, మోకాళ్ళు రొమ్ము దగ్గర. బంతి కిందనుంచి దూసుకుపోయి ఎడమ మూలనున్న గోడకి కొట్టుకుంది. అతను దిగేసరికి అసలు పని ముందుంది. విల్కిన్ రెండో బేస్ దాటి తన వైపే వస్తున్నాడు, కళ్ళతో అడుగుతూ. ఆగనా? పోనా?

బెంచి మీద నుంచి అందరూ "ఆపు! ఆపు!" అంటున్నారు. ఎడమ మూలలో వాళ్ళ మనిషి బంతి తీశాడు. దాన్ని మధ్యలో అందుకుని హోమ్‌కి విసరాల్సింది వాళ్ళ షార్ట్‌స్టాప్. అన్సెల్మో బంతిని చూడలేదు. ఆ షార్ట్‌స్టాప్ కాళ్ళని చూశాడు. మడమలు రెండూ మట్టిలో దిగి ఉన్నాయి. కొబ్బరిచెట్టు! వీడు బంతి అందుకుని, మడమలు పీక్కుని, ఒళ్ళు తిప్పుకుని విసరాలి. ఎంత సేపు పడుతుందో అన్సెల్మో మోకాళ్ళకి తెలుసు.

గుడ్డున్నట్టు మూసిన కుడిచెయ్యి గిరగిరా తిరిగింది. "పో! పోరా! పో!"

విల్కిన్ మూడో బేస్ మలుపు తిరిగాడు. అతని పక్కనే గీత వెంబడి అన్సెల్మో కూడా మోకాలు నెప్పి మర్చిపోయి పరిగెత్తాడు, గుప్పిలి తిప్పుతూనే. మడమలు తిరిగాయి, బంతి వచ్చింది. విల్కిన్ బోర్లా జారాడు. ఎర్రమట్టి లేచింది. దుమ్ములో ఏమీ కనపడలేదు. ఆ తర్వాత అంపైర్, పరుగు చెల్లిందన్నట్టు చేతులు రెండూ పక్కలకి చాచి కనిపించాడు.

స్టేడియం లేచి నిలబడింది. డప్పులు, బూరలు, గిన్నెలు. "బల్లీ! బల్లీ!" అనే కేక నిన్నమొన్నటి నవ్వు తిరిగిన దారిలోనే మైదానం చుట్టూ తిరిగింది. మాక్సిమో అన్సెల్మోని పసిపిల్లాడిలా ఎత్తుకుని తిప్పాడు.

హడావిడి తగ్గాక డాన్ ఫాబియో వచ్చాడు. శభాష్ అనలేదు. పొడుగాటి సన్న బ్యాటు అతని చంకలో దూర్చాడు. "రేపు పెందలాడే రా. విల్కిన్‌గాడి మడమలు ఇంకా బరువుగానే ఉన్నాయి" అని గింజలు నముల్తూ వెళ్ళిపోయాడు.

జనం పల్చబడ్డారు. మిరేలిస్ వాళ్ళు కంచె తలుపు తోసుకుని లోపలికొచ్చారు. ఎమెతేరియా ఎవరి అనుమతీ అడక్కుండా తిన్నగా షార్ట్‌స్టాప్ చోటికి నడిచింది. మనవరాలి బూట్లు విప్పి దిగవిడిచింది. వంగి, వెచ్చటి ఎర్రమట్టి దోసిలితో తీసి ఆ చిన్న పాదాల మీద పోసింది. "నడక రాని పిల్లలకి సముద్రపు ఇసకే మంచిదంటారు. కానీ మీ నాన్న ఇక్కడ పోసిన చెమట ముందు సముద్రం ఎంత" అంది.

"అమ్మా, రాళ్ళుంటాయేమో! నోట్లో పెట్టుకుంటుంది" అంది మిరేలిస్.

"ఉండవు" అన్నాడు అన్సెల్మో.

అతను కొంచెం దూరంలో గొంతుక్కూర్చున్నాడు. ఎమెతేరియా తన వేలు నెమ్మదిగా లాగేసుకుంది. లూసేరో ఒంటరిగా నిలబడింది. పాదాలు మట్టిలోంచి పీకి చూసుకుంది. నాన్నని చూసి నవ్వి, అలవాటు ప్రకారం ముందుకి వాలింది.

అన్సెల్మో భుజాలు కదిలాయి. మిరేలిస్ చూస్తూనే ఉంది. భుజాలు కదిలాయి, మోచేతులు కదిలాయి, గుప్పిళ్ళు మాత్రం అక్కడే ఉండిపోయాయి, వేళ్ళు వంపు తిరిగి.

పిల్ల ఒక అడుగు వేసింది. రెండో అడుగు సగంలో ఉండగా కూలబడింది. దబ్బున.

"అయ్యో, తల్లీ!" అంది మిరేలిస్. కానీ ఆమె కూడా కదల్లేదు.

లూసేరో ఏడవలేదు. ఆశ్చర్యపోయింది. కిందనున్న నేలని ఇదేమిటన్నట్టు అరచేత్తో చరిచింది. నాన్న కేసి చూసింది. నాన్న రాలేదు. మూతి ముడిచింది, కనుబొమలు దగ్గరికి తెచ్చింది. రెండు చేతులూ మట్టిలో ఆనించి, పిర్రలు పైకి లేపి, అచ్చు గ్లోవు నేలకి ఆనించిన షార్ట్‌స్టాప్‌లా కాసేపు అలా వంగి ఆలోచించింది. ఆపైన లేచింది.

అడుగు. ఇంకో అడుగు. ఊగి, ఆగి, మళ్ళీ అడుగు. కంచె అవతల చెత్త ఊడుస్తున్న వాళ్ళు చీపుళ్ళు ఆపేశారు. విల్కిన్ బూట్లు విప్పుతున్న వాడల్లా ఒక కాలితోనే నిలబడిపోయాడు. అది తండ్రి మోకాలు దాకా వచ్చి, ఎర్రమట్టి చేతులతో అతని ముక్కు పట్టుకుంది.

మిరేలిస్ నవ్వుతూనే ముఖం రెండు చేతుల్తో తుడుచుకుంది. అన్సెల్మో ఇంకా అలాగే గుప్పిళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"ఇంక ఎత్తుకోవయ్యా, వచ్చేసింది! చేతులు తెరువు" అంది మిరేలిస్.

"ఆగవే" అన్నాడతను నెమ్మదిగా. "గుడ్లు పగుల్తాయి."